పేరు కింద ఆకుపచ్చ గీత

నాకు ఒక చెడ్డ అలవాటుంది. ఎవరైనా "ఇది అవుతుందా?" అని అడిగితే, అవుతుందో లేదో చూసుకోకముందే "ఎందుక్కాదు" అనేస్తాను. సూర్యాపేటలో ఒక జిరాక్స్ సెంటర్ పై అంతస్తులో కూర్చుని ఇరవై ఏళ్లుగా రైసు మిల్లులకు, విత్తనాల దుకాణాలకు, స్కూళ్లకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి ఇస్తున్నాను. ఇప్పుడందరూ ఫోన్లో యాప్ యాప్ అంటున్నారు గానీ, నాది పాతకాలపు పని. కంప్యూటర్లో ఒక ఫారం తెరుచుకుంటుంది, అందులో గడులుంటాయి, నింపి సేవ్ నొక్కితే లోపల డేటాబేస్‌లోకి పోతుంది. కరెంటుంటే చాలు, నెట్ లేకపోయినా నడుస్తుంది. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. నా ప్రోగ్రాములు పదిహేనేళ్లయినా నడుస్తూనే ఉన్నాయి. నవ్వినవాళ్లవి ఎన్ని బతికి ఉన్నాయో వాళ్లనే అడగండి.

కోదాడలో డాక్టర్ లీలావతి గారి ఆసుపత్రి పని ఒప్పుకున్నదీ ఇలాగే. ఖమ్మం క్రాస్ రోడ్డుకు కొంచెం లోపలగా, పది మంచాల చిన్న ఆసుపత్రి. ముప్పై ఏళ్లుగా ఆవిడ అక్కడే చూస్తున్నారు. కొడుకు ప్రవీణ్ కూడా డాక్టరై, నిరుడు తల్లి పక్క గదిలో ప్రాక్టీసు మొదలుపెట్టాడు. అతని కళ్లకు ముందుగా కనబడింది గోడ పొడవునా ఉన్న చెక్క అరలు, వాటి నిండా పేషెంట్ల కేసు షీట్లు. ఇవన్నీ కంప్యూటర్లోకి ఎక్కాలన్నాడు. నన్ను పిలిపించి, అవుతుందా అని అడిగాడు. నేనేమన్నానో వేరే చెప్పనక్కర్లేదు.

నెల తిరక్కుండా తయారుచేశాను. పేరు, ఊరు, వయసు, బీపీ, షుగరు, ఒక్కోదానికి ఒక్కో గడి. కింద డాక్టరమ్మ రోగం సంగతి, మందుల సంగతి రాసుకోవడానికి వెడల్పాటి గడి. చూపించే రోజున కంప్యూటర్ ముందు ప్రవీణ్, లీలావతి గారు, షీట్లు టైపు చెయ్యడానికి కొత్తగా పెట్టుకున్న సింధూజ కూర్చున్నారు. వాళ్ల వెనక ఎర్రయ్య నిలబడ్డాడు.

ఎర్రయ్యది గరిడేపల్లి. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆసుపత్రి తెరిచిన రోజు నుంచీ పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోతున్నాడు. అరల్లోంచి షీటు తీసేది ఆయనే, పేషెంటును డాక్టరమ్మ దగ్గరికి పంపేది ఆయనే, బయటికి వచ్చాక షీటు చూసి ఏం చెయ్యాలో నర్సుకు చెప్పేదీ ఆయనే. ఆసుపత్రికి డాక్టరమ్మ బుర్రయితే ఎర్రయ్య కాళ్లూ చేతులూ అని నాకు మొదటి రోజే అర్థమైంది.

ప్రవీణ్ ఉషారుగా ఉన్నాడు. ఇక అరలు తీసేయొచ్చన్నాడు. గోడకు టీవీ పెడితే నంబర్లు వాటంతటవే వస్తాయన్నాడు. ఎర్రయ్య కాకా ఇన్నేళ్లు కష్టపడ్డాడు, ఇక ఇంటి దగ్గర హాయిగా రెస్టు తీసుకోవచ్చన్నాడు. అతను మంచికే అన్నాడు, అందులో కల్మషం లేదు. ఎర్రయ్య మాత్రం ముందుకు వంగి తెరను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. ఏదో వెతుకుతున్నట్టున్నాడు. దొరకలేదేమో, భుజం మీది తువ్వాలు సర్దుకుని బయటికి పోయాడు.

నేను చాయ్ తాగడానికి బయటికి వస్తే నా వెనకే వచ్చి నిలబడ్డాడు.

"సారూ, గీతలు యాడున్నయి?" అన్నాడు.

ఏం గీతలని అడిగాను. అప్పుడు చెప్పాడు. ఎర్రయ్యకు తెలుగు బాగానే వచ్చు, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు. డాక్టరమ్మ షీటు మీద రాసేది మాత్రం ఇంగ్లీషు, అదీ గొలుసు రాత, దేవుడికే తెలియాలి. అందుకని ఆయన అక్షరాలు చూడడు, గీతలు చూస్తాడు. డాక్టరమ్మది నాలుగు రంగుల పెన్ను. మందు పేరు కింద ఎర్ర గీత ఉంటే ఆ మందు ఆ మనిషికి పడదని, నర్సుకు ముందే చెప్పాలని. పక్కన నీలం గీత ఉంటే రక్తపరీక్ష అయ్యాకే మళ్లీ లోపలికి పంపాలని. పేషెంటు పేరు కింద ఆకుపచ్చ గీత ఉంటే, వచ్చినప్పుడల్లా ఫ్యాను కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాలని, బెంచీ మీదివాళ్లకంటే ముందు లోపలికి పంపాలని. ముప్పై ఏళ్లుగా అవే చూసి పనిచేస్తున్నాడు.

అదంతా ఇక సింధూజ చదివి చెబుతుందిలే కాకా అన్నాను. అనకూడని మాట అదేనని అన్నాక తెలిసింది.

"మరి నేనెందుకు సారూ?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. "అరలు తీస్తె తీయనీ. గీతలు లేకుంటె నాకీడ పని లేదు. పని లేకుంట ఈడ కూసుంటె సిన్న డాక్టరు సారుకు బరువైత. ఇంట్ల కూసుంటె నాకు ఊపిరాడది."

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. "గీతలే గదా కాకా, పెడత. ఎందుక్కాదు" అన్నాను.

అన్నాను సరే, పెట్టడం ఎట్లా? నా ఫారంలో గడి ఉత్త మొద్దు గడి. అక్షరాలు తప్ప దానికి ఇంకేం పట్టవు. రంగు వెయ్యాలన్నా గీత గీయాలన్నా మొత్తం గడికే వేస్తుంది గానీ, ఒక్క మాట కింద వెయ్యమంటే వెయ్యదు. వెబ్ పేజీల్లో రంగులు, గీతలు, లావు అక్షరాలు కనబడతాయి కదా, వాటిని రాసే పద్ధతి హెచ్‌టీఎంఎల్. డాక్టరమ్మ నోట్సును ఆ పద్ధతిలో దాచిపెడితే డేటాబేస్‌కు అభ్యంతరం లేదు, దాని లెక్కలో అవీ అక్షరాలే. కానీ ఆ గుర్తులను తెర మీద గీతలుగా చూపించి, అక్కడికక్కడే దిద్దనిచ్చే ఎడిటర్ కావాలి. అది వేరే కిటికీలో తెరుచుకుంటే కుదరదు. నా ఫారం లోపలే, బీపీ గడి పక్కన తానూ ఒక గడిలాగా కుదురుగా కూర్చోవాలి. ఇట్లా ఫారంలో తెచ్చి అతికించుకునే భాగాన్ని మా పనిలో కంట్రోల్ అంటారు. నాకు కావాల్సింది అట్లాంటి కంట్రోల్ ఒక్కటంటే ఒక్కటి.

మొదట బద్ధకించి, ఆ గుర్తులేవో చేత్తో టైపు చేస్తే పోలా అని సింధూజను అడిగి చూశాను. ప్రతి మందు పేరుకు ముందొక గుర్తు, వెనకొక గుర్తు అని నేర్పించబోయాను. ఆ అమ్మాయి నా మొహంలోకి ఒకసారి చూసి, "సార్, నాకు డిగ్రీ పరీక్షలున్నయి" అంది. అక్కడితో ఆ ఆలోచన మానుకున్నాను.

ఇక వెతుకులాట మొదలైంది. ఎక్కడో విదేశీ కంపెనీ కంట్రోల్ ఒకటి దొరికింది. అబ్బో, ఏం సోకు. నలభై బొత్తాలు, పట్టికలు, నవ్వే బొమ్మలు, ఏడ్చే బొమ్మలు. రోగి షీటు మీద నవ్వే బొమ్మ ఎవడు పెట్టుకుంటాడు? పైగా తెరిచిన ప్రతిసారీ నెట్‌లోకి పోయి తన యజమానిని అడిగి వస్తానంటుంది. ఆసుపత్రిలో నెట్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. దండం పెట్టి పంపించాను. రెండోది ఉచితం, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఎర్రయ్య అని టైపు చేస్తే కింద ఉండాల్సిన వత్తు లేచి పక్కన కూర్చుంది. తెలుగు పేర్లు లేని ఆసుపత్రి కోదాడలో ఎక్కడుంటుంది? మూడోది నా కంప్యూటర్లో బంగారంలా పనిచేసి, ఆసుపత్రి కంప్యూటర్లో తెల్ల కాగితంలా తెరుచుకుంది. ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. నాలుగోది, ఐదోది అసలు తెరుచుకోనే లేదు. ఆరోది అన్నీ చేసింది. సేవ్ చేసి మళ్లీ తెరిస్తే ఎర్ర గీత నల్లగా మారి వచ్చింది. మందు పడదన్న గుర్తు మాయమైతే ఇంకేమన్నా ఉందా? దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

వంటింట్లోంచి మా ఆవిడ వందన వింటూనే ఉంది. "ఎవల్ని తిడుతున్నవ్?" అంది. కంట్రోల్‌నన్నాను. ఇది ఎన్నోదని అడిగింది. ఆరోదన్నాను.

"నన్ను జేస్కునేటప్పుడు ఒక్క సంబంధమే సూసి ఊ అన్నవ్. దీనికి ఆరు సూసినవా?" అని అన్నం పెట్టడానికి పోయింది.

రెండు వారాలు గడిచాయి. ఈలోపు ప్రవీణ్ ఫోన్ చేసి, గీతలు గీతలంటూ ఆలస్యం ఎందుకు, ఉన్నదాంతో మొదలుపెడదాం అన్నాడు. వచ్చే సోమవారం అరలు తీయడానికి వడ్రంగిని కూడా పిలిచాడట. మాట ఇచ్చింది నేను, పోయేది ఆ పెద్దమనిషి పని.

ఆ శుక్రవారం మిర్యాలగూడలో ఒక మిల్లులో ప్రింటర్ మొరాయిస్తే బాగుచేయడానికి పోయాను. అటునుంచే కోదాడ బస్సెక్కాను, ప్రవీణ్‌ను ఎదురుగా కూర్చుని బతిమాలుకుందామని. కోతల రోజులు. రోడ్డు పొడవునా ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. బస్సు మెల్లగా పోతోంది. నేను ఫోన్లో నాలాంటి ప్రోగ్రామర్లు ఒకరినొకరు సందేహాలడుక్కునే చోటొకటి తెరిచి కూర్చున్నాను. తొమ్మిదేళ్ల కింద ఎవరో అచ్చం నా ప్రశ్నే అడిగారు. కింద పాతిక జవాబులు, అన్నీ ఫలానా కంట్రోల్ కొనుక్కో, ఫలానాది వాడుకో అని. చిట్టచివర, ఊరూ పేరూ లేనివాడెవడో మూడు ముక్కలు రాశాడు. నీ ఫారంలో వెబ్ పేజీ చూపించే కంట్రోల్ ఒకటి ముందు నుంచీ ఉంటుంది. అందులో తెరిచిన పేజీని దిద్దనివ్వమని ఒక్క లైను చెప్పు. అదే నీ ఎడిటర్. అతనికి ఒక్కరు కూడా థ్యాంక్స్ చెప్పలేదు.

ఆ కంట్రోల్ నా దగ్గర ఉందా అంటే, ఉంది. ప్రతి ప్రోగ్రాములోనూ సూచనల పేజీ చూపించడానికి పదేళ్లుగా వాడుతున్నాను. చూపించడమే దాని పని అనుకున్నాను. రాయనిస్తావా అని ఒక్కనాడూ అడగలేదు. నెత్తి మీద ఠపీమని కొట్టుకున్నాను. పక్క సీటు ముసలామె ఉలిక్కిపడి, ఏమన్నా మరిచిపోయి బస్సెక్కావా బిడ్డా అంది. లేదమ్మా, దొరికింది అన్నాను. ఏం దొరికిందో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు గానీ, గరిడేపల్లి నుంచి కోదాడ దాకా నా ముఖం మీద నవ్వు పోలేదు.

ఆసుపత్రిలో సింధూజను లేపి ఆమె కంప్యూటర్ దగ్గర కూర్చున్నాను. గంటన్నరలో పనైంది. మొద్దు గడి తీసేసి ఆ వెబ్ పేజీ కంట్రోల్ పెట్టాను. పైన మూడే బొత్తాలు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ. తెలుగు రాసి చూశాను, వత్తులు వాటి చోట్ల అవే ఉన్నాయి. సేవ్ చేసి తెరిచాను, ఎరుపు ఎరుపుగానే వచ్చింది. ఎర్రయ్యను పిలిచాను. ఆయన వంగి చూశాడు. తెర మీద ఎర్ర గీతను వేలితో మెల్లగా ముట్టుకుని, చెరిగిందేమోనని వేలు చూసుకున్నాడు. అప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ మిల్లు పనికీ కలగలేదు. ప్రవీణ్ ఒప్పుకున్నాడు, వారం రోజులు అరలూ కంప్యూటరూ రెండూ నడిపి చూద్దామన్నాడు.

మూడో రోజు నా గాలి తీసింది. ఉదయం రద్దీలో మంగ్త్యా అనే అతన్ని డాక్టరమ్మ చూసి పంపారు. ఒక ఇంజెక్షను అతనికి పడదు, దాని కింద ఎర్ర గీత. అతని తర్వాత నవ్య అనే అమ్మాయి. ఎర్రయ్య బల్ల మీద కొత్తగా పెట్టిన తెరలో ఆమె పేరు వచ్చింది, వయసు వచ్చింది, కింద ఎర్ర గీతా వచ్చింది. ఎర్రయ్య నర్సును ఆపి, ఎలా నడుస్తోందో చూద్దామని వచ్చిన నన్ను పిలిచాడు.

"ఈ బిడ్డకు ఎర్ర గీత లేదు సారూ. ఇది ఇంతకుముందు పోయిన మంగ్త్యాది" అన్నాడు.

కంప్యూటర్ తప్పు చెప్పదు కాకా అని నోటి దాకా వచ్చింది. మింగుకుని అరలోంచి షీటు తీయించాను. గీత లేదు. అప్పుడు తట్టింది. పేరు గడి, వయసు గడి డేటాబేస్‌కు ముడిపడి ఉంటాయి, పేషెంటు మారగానే అవే మారతాయి. నేను తెచ్చిపెట్టిన కంట్రోల్‌కు ఆ ముడి లేదు. మారమని నేనే చెప్పాలి, పాతది దాచి కొత్తది తెరవమని నేనే చెప్పాలి. దొరికిందన్న సంబరంలో ఆ సంగతే మరిచాను. ఇవాళ లేని గీత వచ్చింది కాబట్టి సరిపోయింది. ఉన్న గీత పోయి ఉంటే? ఆ పూటే సరిచేసి, ఎర్రయ్యను పక్కన కూర్చోబెట్టుకుని రెండు వందల షీట్లు ఒక్కొక్కటీ మార్చి మార్చి చూశాను. ఆయన ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. నేనే పోయి తల్లీ కొడుకులకు చెప్పుకున్నాను. దాచి బతకడం నాకు చేతకాదు.

ఇక బొత్తాల మీద రంగుతో పాటు అర్థం కూడా రాస్తే రేపు ఎవరొచ్చినా తెలుస్తుందనిపించింది. మధ్యాహ్నం పేషెంట్లు అయిపోయాక లీలావతి గారి గదికి పోయాను. ప్రవీణ్ కూడా అక్కడే అన్నం తింటున్నాడు. ఎరుపంటే పడని మందు, నీలమంటే రక్తపరీక్ష, ఆవిడ అవునవునన్నారు. ఆకుపచ్చ అనగానే ఆగారు.

"ఆకుపచ్చ ఎందుకండీ? దానికేం అర్థం లేదే" అన్నారు.

పేరు కింద గీస్తారు కదా మేడం అన్నాను. ఆవిడ తన పెన్ను తీసి చూపించారు. నాలుగు మీటలున్న లావు పెన్ను. షీటు రాయడం అయిపోయాక, అయిపోయిందని గుర్తుగా పేరు కింద ఒక గీత గీయడం ఆవిడ అలవాటు. నల్లది నొక్కబోతే బొటనవేలు జారి ఒక్కోసారి ఆకుపచ్చ పడుతుంది. మళ్లీ నల్లది నొక్కి దిద్దే తీరిక ఎవరికుంటుంది? అంతే సంగతి.

ఎర్రయ్య ఆ గీతను చూసి ఏం చేస్తున్నాడో నేను చెప్పాను. కుర్చీ సంగతి, ఫ్యాను సంగతి, ముందు పంపే సంగతి. ప్రవీణ్ పకపకా నవ్వబోయి, తల్లి ముఖం చూసి మానేశాడు. ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టారు. ఎక్కడెక్కడి పల్లెలవాళ్లో, మీ దగ్గర మాకు జరిగిన మర్యాద ఎక్కడా జరగలేదమ్మా అని చేతులు పట్టుకునేవారట. ఏం మర్యాద చేశానబ్బా అని ఆవిడ ఎన్నోసార్లు అనుకున్నారట. ఈ సంగతి ఆయనకు చెప్పొద్దు మేడం, మనసు కష్టపెట్టుకుంటాడు అన్నాను. ఇన్నేళ్లు నాతో పనిచేసిన మనిషి దగ్గర దాపరికం బాగోదండీ అని, ఆవిడే కేకేసి పిలిచారు.

ఎర్రయ్య వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ పెన్ను చూపించి మొత్తం చెప్పారు. ఎర్రయ్య అంతా విని, తల గోక్కున్నాడు.

"నాకెర్కనే మేడం" అన్నాడు.

ఎప్పటి నుంచని అడిగారావిడ. రెండో ఏడు నుంచేనట. ఒకరోజు షీటు అందుకుంటూ పక్కనే నిలబడి ఉంటే, ఆవిడ వేలు జారడం కళ్లారా చూశాడట.

"మరి తెలిసీ ఎందుకు చేశావయ్యా?"

"దవాఖానకొచ్చేటోళ్ళు భయంతోని వస్తరు మేడం. ఎవలో ఒకలు రమ్మని కుర్చీ ఏస్తే సగం ధైర్నమొస్తది. అందరికి ఎయ్యలేం, ఉన్నయి రెండే కుర్చీలు. మరి ఎవలికెయ్యాలె? నేనే ఏరితే మా గరిడేపల్లోళ్ళనే ఏరుత, మా సుట్టాలనే ఏరుత. లేకుంటె కారుల దిగినోళ్ళను ఏరుత. మనిషిని గదా. పెన్నుకు సుట్టాల్లేరు."

ప్రవీణ్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఎర్రయ్యే మళ్లీ నావైపు తిరిగాడు.

"ఆ ఆకుపచ్చ బొత్తం తీసెయ్యిండ్రి సారూ. బొత్తమైతే మేడం కావాలని నొక్కాలె. గప్పుడు మేడం ఏరినట్టయితది. మేడంకు గూడ సుట్టాలున్నరు."

లీలావతి గారు నవ్వారు. నవ్వుతూనే కళ్లద్దాలు తీసి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, రోషం వచ్చింది. ఆరు కంట్రోళ్లను తిరగేసి, ఏడోదాన్ని తెచ్చి పెట్టింది ఇందుకా? ఒక పెన్ను చేసే పని నా ప్రోగ్రాము చెయ్యలేదా? బొత్తం తీసేస్తాను కాకా, గీత మాత్రం ఉంటుందన్నాను. పొద్దున వచ్చిన పేర్లలోంచి కంప్యూటరే చీటీ తీసినట్టు కొన్ని తీసి, వాటి కింద ఆకుపచ్చ గీత గీస్తుంది. ఎవరికి గీస్తుందో మేడంకు తెలియదు, మీకు తెలియదు, రాసిన నాకూ తెలియదు. కంప్యూటర్‌కు కూడా చుట్టాలు లేరు.

ఎర్రయ్య కాసేపు ఆలోచించి, రోజుకు నాలుగైదు పడుతుండె, అంతకు మించొద్దన్నాడు. ప్రాణం మీదికొచ్చినవాళ్లు ఎట్లాగూ నేరుగా లోపలికే పోతారు కాబట్టి ఎవరికీ నష్టం లేదని లీలావతి గారు అన్నారు. ప్రవీణ్ చెయ్యి కడుక్కుని వచ్చి, ఎర్రయ్య ముందు నిలబడ్డాడు.

"కాకా, టీవీ వద్దు ఏమొద్దు. ఆ స్క్రీన్ నీ బల్ల మీదే ఉంటుంది. నువ్వు పిలిస్తేనే లోపలికి రావాలి, ఎవరైనా సరే" అన్నాడు. ఎర్రయ్య సరేనని తలూపి, బయట బెంచీ మీద ఎవరో ఎదురుచూస్తున్నారని పోయాడు. అంత చిన్నగా తీరిపోయింది ఆయన పని సంగతి.

రెండు నెలల తర్వాత మా అమ్మ జంగమ్మకు మోకాళ్లు పట్టేస్తే, సూర్యాపేటలో ఇందరు డాక్టర్లుండగా కోదాడకే తీసుకుపొమ్మని పట్టుపట్టింది. దేనికో నాకు తెలుసు. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే, ఆ కంప్యూటర్ల ఉన్నదంత మా జగదీష్ రాసిందేనని బెంచీ మీద అందరికీ వినబడేలా చెప్పింది. ఎర్రయ్య నవ్వి, పేరు ఎక్కించి, తెర చూశాడు.

"అమ్మా, ఇయ్యాల నీ పేరుకు రాలే. బెంచి మీద కూసో" అన్నాడు.

అమ్మ ముఖం మాడ్చుకుని నావైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. మా వెనకే తెల్ల బట్టల్లో ప్రభాకర్ అనే పెద్దమనిషి కారు దిగి వచ్చాడు. లీలావతి గారికి వరసకు అన్న అవుతాడట. ఆయనకూ గీత రాలేదు. ఆయనా వచ్చి అమ్మ పక్కనే బెంచీ మీద సర్దుకున్నాడు. అది చూశాక అమ్మకు కొంచెం నిమ్మళమైంది.

కాసేపటికి ఎర్రయ్య లేచి, ఫ్యాను కిందికి కుర్చీ జరిపి, చేత్తో దులిపి, గుమ్మం వైపు చూసి పిలిచాడు. "సేవ్యా గారూ, రాండ్రి. ఈడ కూసోండ్రి."

గుమ్మం పక్కన గోడకు ఆనుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. పాలకీడు దగ్గరి తండా నుంచి వచ్చాడట, చెప్పులు బయటే వదిలేశాడు. ఆ పిలుపు విని, తన వెనక ఎవరున్నారోనని తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. ఎర్రయ్య మళ్లీ పిలిస్తే మెల్లగా వచ్చి, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

అమ్మ నా మోచేతిని పొడిచింది. ఎవరాయన, పెద్ద మనిషా అని అడిగింది. నాకు తెలియదమ్మా అన్నాను. మరి కంప్యూటర్‌కెట్లా తెలుసంది. దానికీ తెలియదన్నాను. అమ్మకు అర్థమైందో లేదో, కొంచెంసేపు ఆయననే చూస్తూ కూర్చుంది. ఆయన ఇంకా కుర్చీ అంచునే, ఎవరన్నా వస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు.

"మంచిగ ఎన్కకు ఒరిగి కూసో తమ్మీ" అంది అమ్మ. "నిన్ను లేపేటోళ్ళు ఎవరు లేరు."